రామలింగయ్య రెండు సీట్ల కారు

హిందూపురంలో నలభై ఏళ్ళు చింతపండు మండీ నడిపిన మనిషి అరవై రెండో ఏట స్పోర్ట్స్ కారు కొంటే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోలేదు. పైగా ఆ కారు తన కాళ్ళ మీద తాను రాలేదు. ఇంజిన్ బాగానే ఉన్నా టైర్లు అరిగిపోవడంతో, బెంగళూరు నుంచి మినీ లారీ ఎక్కి, తాళ్ళతో కట్టించుకుని, ఆస్పత్రి నుంచి తెచ్చిన రోగిలా ఇంటి ముందు దిగింది. ఎర్ర రంగు, రెండు తలుపులు, రెండే సీట్లు. లోపల కూర్చుంటే నేలకు జానెడు ఎత్తున ఉంటాం. డాష్‌బోర్డు మధ్యలో రేడియో ఉండాల్సిన చోట పెద్ద బొక్క, అందులోంచి వేలాడే వైర్లు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించాల్సిన ముల్లు సున్నా దగ్గర పడుకుని లేవనంటోంది.

చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక మాట విసిరి వెళ్ళారు. లారీ డ్రైవరు ఉలిగప్ప కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇందులో చింతపండు బుట్ట ఏ మూల పెడతావప్పా అని అడిగాడు. ఎదురింటి నారాయణమ్మ, కొడుకునూ కోడలినీ యాడ కూర్చోబెడతారని దిగులుపడింది. రామలింగయ్య అందరికీ ఒకే నవ్వు నవ్వాడు. చెవులు సరిగా వినపడకపోవడంలో ఉన్న ఒకే ఒక్క సుఖం అది. ఎదుటివాడు ఏమన్నా నవ్వి ఊరుకోవచ్చు.

అసలు కథంతా ఆ చెవుల్లోనే ఉంది. నాలుగేళ్ళుగా రెండూ మెల్లగా మూతపడుతూ వచ్చాయి. మిషన్లు పెట్టించుకున్నాడు. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఫరవాలేదు. రోడ్డెక్కితే మాత్రం మాట, హారను, గాలి అన్నీ కలిసి ఒకటే రొద. మండీలో ఆయనకు ఈ లోటు పెద్దగా తెలియలేదు. భుజం మీది తువ్వాలు ఇద్దరి చేతుల మీదా కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే ఎద్దుల సంత పద్ధతి ఆయనకు తండ్రి నేర్పాడు. వేళ్ళతో ధర చెప్పుకునేవాళ్ళకు చెవులతో ఏం పని?

పోయినేడు ఒకరోజు పెనుకొండలో ఎవరిదో పెళ్ళి చూసుకుని ఇంటి కారులో ఒక్కడే తిరిగి వస్తూ, హిందూపురం దాకా రెండో గేరులోనే వచ్చేశాడు. ఇంజిన్ అరిచింది, ఏడ్చింది, చివరికి పొగ కక్కింది. దారి పొడవునా జనం చేతులూపి చెబుతుంటే, మనల్ని గుర్తుపట్టి పలకరిస్తున్నారు కాబోలనుకుని తాను కూడా మర్యాదగా చెయ్యి ఊపాడు. ఊరు నెల రోజులు ఈ కథే చెప్పుకుని నవ్వింది.

నవ్వులకు ఆయన బాధపడలేదు. బాధపెట్టింది ఒక చీటీ. మరునాడు భోజనానికి కూర్చుంటే కంచం పక్కన కొడుకు మనోహర్ రాసిన చీటీ ఉంది. "నాయనా, ఇంక నువ్వు బండి నడపొద్దు. తాళాలు నా దగ్గర ఉండాయి." ఎదురుగా కూర్చుని చెప్పి ఉండొచ్చు. వీధి దద్దరిల్లేలా అరిచినా సరే. అది మానేసి, మండీలో సరుకు బస్తాకు కట్టే చీటీ మీద రాసి పెట్టాడు. ఆ పూట రామలింగయ్య అన్నం వదిలేసి లేచాడు.

మనోహర్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. తండ్రికి గీత పడితే తనకు జ్వరం వచ్చే రకం. ఇంతింత ప్రేమ పెట్టుకున్నవాళ్ళే మనిషిని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి లేవనివ్వరు, నాకు వాళ్ళ మీద ఒళ్ళు మంట. రామలింగయ్యకు లైసెన్సు ఉంది, నడపొచ్చని డాక్టరు ఇచ్చిన కాగితం ఉంది. లేనిదల్లా కొడుకు నమ్మకం. అది లేకుండా స్టీరింగు పట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదు. అది తిరిగి సంపాదించుకోకుండా ఊరుకోవడం అంతకన్నా ఇష్టం లేదు.

దారి చూపించింది వంటింటి కుక్కరు. కోడలు శ్రావ్యది ధర్మవరం, పట్టుచీరలకు టాబ్లెట్ మీద డిజైన్లు గీస్తుంది. పాత మిక్సీ ఎంత గోల చేస్తోందో అత్త సుగుణమ్మకు రుజువు చేసి కొత్తది కొనిపించాలని, శబ్దం కొలిచే యాప్ ఒకటి ఆ టాబ్లెట్‌లో వేసింది. శబ్దం పెరిగితే తెర మీద గీత పైకి లేచి ఎర్రబడుతుంది. మిక్సీ ఆపేసిన తరువాత కూడా గీత ఒక్కసారి పైకి ఎగరడం రామలింగయ్య కంట పడింది. అదేమిటమ్మా అని అడిగితే, కోడలు పొయ్యి వైపు వేలు చూపించింది. కుక్కరు విజిల్ వేసింది. నాలుగేళ్ళ తరువాత ఆయన కుక్కరు విజిల్‌ను కళ్ళారా చూశాడు. ఆ సాయంత్రం దాకా ఇంట్లో కనబడ్డ గిన్నెనల్లా గరిటెతో కొట్టి తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

వినలేనిది చూడొచ్చని తేలిపోయాక ఇక కారే తక్కువ. ఇంటి కారు తాళాలు కొడుకు జేబులో ఉన్నాయి. రామలింగయ్య ఉలిగప్ప లారీలో బెంగళూరు వెళ్ళి, అమ్మకానికి ఉన్న కార్లు వరసగా ఎక్కి దిగాడు. కొత్త కార్లలో ఇంజిన్ ఉందో లేదో కూడా తెలియలేదు, అంత మెత్తగా ఉన్నాయి. ఎవరో కంప్యూటర్ ఉద్యోగి వదిలించుకోవాలని చూస్తున్న ఈ ఎర్ర కారులో కూర్చుని తాళం తిప్పగానే మాత్రం వెన్నుపూస దగ్గర ఒక వణుకు మొదలై అరచేతుల దాకా వచ్చింది. ఎంతో కాలానికి ఒక యంత్రం తనతో నేరుగా మాట్లాడినట్టనిపించి, పరాయివాడి కారులో కూర్చుని రామలింగయ్య కళ్ళు తుడుచుకున్నాడు. బేరం కూడా సరిగా ఆడలేదు.

ఇంటి పక్కన ఒకప్పుడు చింతపండు బుట్టలు పేర్చిన రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. అక్కడ పని మొదలైంది. కొత్త టైర్లు వేయించి, వీడియోలు చూస్తూ డాష్‌బోర్డు ముక్కలు ముక్కలుగా ఊడదీశాడు. ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండాలని ఒక్కోదాన్నీ ఒక్కో కొబ్బరి చిప్పలో వేసి వరసగా పెట్టాడు. ఇంత జాగ్రత్త మనిషీ తప్పు చేసిన చోటు ఒకటుంది. కారు కోసం కొన్న టాబ్లెట్ పట్టేంత సందు కోయడానికి టేపు వాడలేదు. నలభై ఏళ్ళు జానలతో, బెత్తెలతో బుట్టలు కొలిచిన చెయ్యి కదా, ఆ ధీమాతోనే కొలిచి కోసేశాడు. టాబ్లెట్ పెట్టి చూస్తే చుట్టూ రెండేసి వేళ్ళ సందు మిగిలింది. పైగా ఆ డాష్‌బోర్డు తిన్నగా ఉండదు, ఒకచోట ఉబ్బు, ఒకచోట పల్లం. మూడు చెక్కలు చెక్కాడు. మూడూ పొయ్యిలోకే పోయాయి.

ఆ పనిని దారిలో పెట్టింది శ్రావ్య. ధర్మవరంలో చీర అంచు మీదికి నెమలి రావాలంటే, ముందు ఆ నెమలి అట్టల మీద బెజ్జాలుగా మారాలి. ఆ అట్టల్ని మగ్గానికి తగిలిస్తే ఏ పోగు లేవాలో అవే చెబుతాయి. శ్రావ్య నాయన పోతులయ్య ఆ అట్టలు కొట్టడంలో చెయ్యి తిరిగినవాడు. శ్రావ్య పుట్టింటి నుంచి వాడేసిన అట్టల కట్ట ఒకటి తెచ్చింది. గట్టిగా ఉంటాయి, అయినా చెప్పినట్టు వంగుతాయి. ఒక అట్టను సందుకు ఆనించి, ఎక్కడ తగులుతోందో అక్కడ గోరంత కత్తిరించి, మళ్ళీ ఆనించి, ఇలా మామా కోడళ్ళు రెండు ఆదివారాలు కూర్చున్నారు. ఏడో అట్ట డాష్‌బోర్డు చెంపకు అతుక్కుపోయింది. దాని ప్రకారం పలుచటి ప్లైవుడ్ కోసి, నల్ల రెగ్జిను అంటించి, మధ్యలో టాబ్లెట్ కూర్చోబెడితే, కారు పుట్టినప్పుడే దానితో పుట్టిందనిపించింది. రామలింగయ్య దాన్ని పది రకాల కోణాల నుంచి చూసి, వీధిలో పోయే వాళ్ళను కూడా పిలిచి చూపించాడు.

వైరు మొదట నేరుగా బ్యాటరీకి కలిపాడు, తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది. తరువాత తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు మార్చాడు. స్టీరింగు కింద ఉండే ప్లగ్గుకు అగ్గిపెట్టెంత డబ్బీ తగిలించాడు. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో అది టాబ్లెట్‌కు చేరవేస్తుంది. తెర మీద ఆకుపచ్చ పట్టీ ఉంటే గేరు సరిపోయినట్టు, పసుపుకు తిరిగితే మార్చమన్నట్టు. వెనక నంబరు ప్లేటు దగ్గర కెమెరా, దాని పక్కనే మైకు. వెనక నుంచి ఎవరైనా హారను కొడితే తెర అంచులు ఎర్రగా మెరవాలి. ఎంత చప్పుడుకు మెరవాలి, ఎంతకు ఊరుకోవాలి అన్నది తేల్చడానికి ఉలిగప్ప లారీని వీధిలోకి రప్పించాడు. పది అడుగుల నుంచి ఒకసారి, ఇరవై అడుగుల నుంచి ఒకసారి, మూల మలుపు నుంచి ఒకసారి. ఆ వారం ఆ వీధిలో ఎవరికీ మధ్యాహ్నపు నిద్ర లేదు. నారాయణమ్మ వచ్చి తిట్టింది. ఆమె గొంతుకు తెర ఎర్రబడటం చూసి రామలింగయ్య మురిసిపోయాడు.

మనోహర్ మాత్రం షెడ్డు గుమ్మం దాకా వచ్చి, ఇవన్నీ చూసి వెనక్కి పోయేవాడు. ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి తన కంచం పక్కన మండీ చీటీ ఒకటి కనబడింది. తండ్రి రాత. "ఆదివారం ధర్మవరం పోదాం. నడిపేది నేను, పక్కన నువ్వు. దోవలో నీ చెయ్యి ఒక్కసారి హ్యాండ్‌బ్రేకును తాకినా కారు అమ్మేస్తా. మళ్ళా స్టీరింగు పట్టను." మనోహర్ ఆ చీటీని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, సరేనన్నట్టు తలూపాడు.

శ్రావ్య చెల్లెలి బిడ్డకు ఆ ఆదివారం ధర్మవరంలో పేరు పెడుతున్నారు. శ్రావ్య రెండు రోజులు ముందే వెళ్ళింది. సుగుణమ్మ రైలుకు వస్తానంది, కానీ బండికి పూజ చేయకుండా గేటు దాటనివ్వనంది. ఆమె పసుపు కుంకుమలకు ఆ ఇంట్లో మినహాయింపు లేదు. ఫ్రిజ్జుకు బొట్టుంది, మిక్సీకి బొట్టుంది, మండీ తక్కెడకు ఉంది. బానెట్‌కు, స్టీరింగుకు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చివరికి టాబ్లెట్‌ను ఒక క్షణం పరికించి చూసింది. మనిషికైతే నుదురు ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, పై అంచు నడిమధ్యన, పసుపు ముద్ద అద్ది దాని మీద రూపాయంత కుంకుమ దిద్దింది. నిమ్మకాయలు చితికాయి, కారు కదిలింది.

సోమందేపల్లి దాకా ప్రయాణం వెన్నలా సాగింది. ఆకుపచ్చ పట్టీ పసుపుకు తిరగ్గానే రామలింగయ్య చెయ్యి గేరు మీదికి వెళ్ళేది. వెనక ఎవరో హారను కొడితే అంచులు మెరిసేవి, అద్దం చూసుకుని పక్కకు జరిగేవాడు. మనోహర్ ముందుకు వంగి కూర్చున్నాడు. ముందు రోజు నుంచి కంటి మీద కునుకు లేనట్టు ముఖం వాడిపోయి ఉంది. కుడి చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్రేకుకు బెత్తెడు పైన గాల్లో వేలాడుతూనే ఉంది.

పెనుకొండ దగ్గరపడుతుంటే ఎండ ముదిరి కుడివైపు అద్దంలోంచి నేరుగా లోపలికి పడింది. రామలింగయ్య తెర వైపు చూశాడు. నల్లగా ఉంది. పట్టీ లేదు, కెమెరా లేదు, ఏమీ లేదు. అదే సమయానికి కొత్త కార్లు మోసుకుపోయే పొడవాటి ట్రైలరు ఒకటి వెనక నుంచి హారను మోగిస్తూ మీదికి వస్తోంది. మనోహర్‌కు అది చెవులు పగిలేలా వినబడింది. తండ్రి ముఖంలో చలనం లేదు. గాల్లో ఉన్న చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి దిగబోయింది.

దిగలేదు. అంతకు ముందే రామలింగయ్య పక్క అద్దంలో ట్రైలరును చూసి, ఇండికేటరు వేసి, తొందర లేకుండా ఎడమకు తీసుకుని రోడ్డు పక్కన ఆపాడు. ట్రైలరు వెళ్ళిపోయింది. కారు ఒకసారి ఊగి నిలబడింది.

"చాలు నాయనా," అన్నాడు మనోహర్ తండ్రి వైపు తిరిగి, పెదవులు కనబడేలా. "నువ్వు బాగానే నడిపినావు. నేను కాదనను. మిషనే చచ్చిపోయింది కదా. బండి ఎత్తుకపోయే వ్యానుకు ఫోన్ చేస్తా."

చెయ్యి బ్రేకును తాకలేదు, మాట ప్రకారం రామలింగయ్య ఓడలేదు. కానీ కొడుకు గొంతులో ఉన్నది జాలి. దానికన్నా ఆ చెయ్యి బ్రేకు మీద పడినా బాగుండేది. నెలల తరబడి పడిన కష్టమంతా ఈ నల్ల గాజు పలకలో కూలిపోయిందా? ఏ వైరు ఊడిందో చూద్దామని వంగాడు. డబ్బీ దీపం వెలుగుతోంది. కరెంటు వస్తోంది. మరి తెర ఎందుకు చచ్చింది?

ఎండకు కళ్ళు చెదురుతున్నాయి. భుజం మీది తువ్వాలు తీసి, తన తల మీదా టాబ్లెట్ మీదా కలిపి కప్పుకున్నాడు. ఆ చీకట్లో తెర కనబడింది. ఆకుపచ్చ పట్టీ ఉంది, వెనక రోడ్డు ఉంది, పోయే లారీలున్నాయి, అన్నీ ఉన్నాయి. చావలేదు, చిన్నబోయింది. మసక వెలుతురుతో, గది మూలలో పెట్టిన దీపంలా. ఎండలో కళ్ళు చిట్లించినా కనబడనంత మసక.

శ్రావ్య ఒకసారి చెప్పిన మాట మనసులో మెదిలింది. టాబ్లెట్ పైన నడిమధ్యలో ఆవగింజంత కన్ను ఒకటుంది. అది బయట వెలుతురును చూస్తుంది. పగలైతే తెర వెలుగు పెంచుతుంది, చీకటైతే కళ్ళకు గుచ్చకుండా తగ్గిస్తుంది. వేలితో అక్కడ తడిమాడు. పసుపు గట్టిపడి, దాని మీద కుంకుమ. సుగుణమ్మ దాని కన్ను మూసేసింది. అది పాపం ఇంకా రాత్రే అనుకుంటోంది.

తువ్వాలు కిందే పగలబడి నవ్వాడు. పైకి వచ్చాక మనోహర్‌కు చూపించాడు. మనోహర్ గబగబా రుమాలు తీసి తుడవబోతే, రామలింగయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మీయమ్మ పెట్టిన బొట్టురా. తుడవకూడదు," అన్నాడు. గోటితో జాగ్రత్తగా ఆ ముద్దను లేపి, పొడి రాలకుండా తీసి, తన కనుబొమల మధ్య అద్దుకున్నాడు. ఆవగింజ కన్ను మీద మిగిలిన మరకను తువ్వాలు కొసతో ఒత్తాడు. తెర ఒక్కసారిగా వెలిగింది. లోపల పడిన ఎండ కూడా దాని ముందు చిన్నబోయింది. రూపాయంత బొట్టుతో, జాతరకు బయలుదేరిన పూజారిలా ఉన్న తండ్రిని చూసి మనోహర్ నవ్వడం మొదలుపెట్టాడు. ఏడాదిగా తండ్రి దగ్గర అలా నవ్వి ఎరగడు. ఆ నవ్వు రామలింగయ్యకు వినబడలేదు, కానీ భుజాలు ఊగుతున్నాయి కదా.

మళ్ళీ పెద్ద రోడ్డు ఎక్కాక ఇక ఆయన్ను పట్టుకునేవాళ్ళు లేరు. పట్టీ పసుపుకు తిరిగే క్షణానికి ముందే అరచేతిలోకి ఇంజిన్ వణుకు వచ్చి చెబుతోంది. చెయ్యి, తెర ఒకే మాట చెబుతుంటే గేర్లు బేరం కుదిరినంత సుఖంగా పడుతున్నాయి. వెనక ఒక బస్సు హారను కొట్టింది. అంచులు ఎర్రబడ్డాయి, దారి ఇచ్చాడు. డ్రైవరు మెచ్చుకోలుగా చెయ్యి ఊపాడు. ఈసారి అది నిజంగా పలకరింపే, రామలింగయ్య దర్జాగా బదులిచ్చాడు. దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. పల్లెల దగ్గర పిల్లలు ఎర్ర కారు వెంట పరుగెత్తారు. పెనుకొండ నుంచి రెండో గేరులో వచ్చి ఊరినంతా నవ్వించిన మనిషి, పెనుకొండ నుంచి ఐదో గేరులో పోతున్నాడు. ఊరు చూస్తే బాగుండును అనుకున్నాడు. ఆయనకు ఆ మాత్రం గర్వం ఉంది, ఉండనీయండి.

పెద్ద రోడ్డు వదిలి ధర్మవరం దారి పట్టాక, ఊరు ఇంకెంత దూరం ఉందో చూడరా అని కొడుకుతో అన్నాడు. జవాబు వచ్చినా వినబడదు కాబట్టి పెదవులు చూద్దామని పక్కకు ఒక చూపు వేశాడు.

మనోహర్ నిద్రపోతున్నాడు. సీటులో వెనక్కి వాలి, నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీకి ఆనించి. హ్యాండ్‌బ్రేకు మీద కాపలా కాసిన చెయ్యి వెల్లకిలా ఒళ్ళో పడి ఉంది. కొడుకు ఎప్పుడు నిద్రపోయాడో, తాను ఎంత దూరం నుంచి ఒంటరిగా నడుపుతున్నాడో రామలింగయ్యకు తెలియదు. పరీక్ష పెట్టడానికి వచ్చినవాడు తన ప్రాణం తండ్రి చేతిలో పెట్టి, దాని సంగతే మరిచిపోయి పడుకున్నాడు. రామలింగయ్య రోడ్డు మసకబారకుండా రెండుసార్లు గట్టిగా రెప్పలు కొట్టుకుని, గుంతలు చూసి చూసి, నిండు బిందె మోసేవాడిలా నడిపాడు.

పోతులయ్య ఇంటి ముందు షామియానా వేసి ఉంది. రైలు దిగి అప్పటికే వచ్చేసిన సుగుణమ్మ, చెల్లెలి బిడ్డను ఎత్తుకున్న శ్రావ్య, పోతులయ్య, వీధిలోని మగ్గాల వాళ్ళందరూ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కారును చూడగానే శ్రావ్య పరుగున వచ్చి తలుపు మీద చెయ్యి వేయబోయింది. రామలింగయ్య వద్దన్నట్టు అరచెయ్యి చూపించి అద్దం దించాడు. సుగుణమ్మ వంగి, మొగుడి నుదుటి మీది బొట్టును వింతగా చూసి, కారు దిగరేమి అని పెదవులతో అడిగింది.

నాలుగేళ్ళుగా తన గొంతు తనకు వినబడక ప్రతి మాటా అరిచే మనిషి, అంత మెల్లగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వాడు పండుకున్నాడు," అన్నాడు రామలింగయ్య. "ఇంకొక చుట్టు తిరిగొస్తాం."

మొదటి గేరు వేశాడు.